సంఘం పాత రికార్డులు, తొలినాళ్ల చరిత్ర పుస్తకం: జమా ఖర్చుల వివరణ

పద్మశాలి కుల బాంధవులకు,

పాత రికార్డులు బాగుచేయించడానికి, సంఘం తొలినాళ్ల చరిత్ర అచ్చు వేయించడానికి వసూలైన పైకం లెక్క ఇది. రసీదు బుక్కులు, ఓచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

జమ: 212 ఇండ్ల నుంచి ఇంటికి 300 చొప్పున 63,600 రూపాయలు. భివండి, షోలాపూర్, సూరత్‌లో ఉన్న మనవాళ్లు పంపింది 48,000. సంఘం గంగాళాలు, జంపకాణాల కిరాయి 9,400. బ్యాంకు వడ్డీ 615. మొత్తం 1,21,615.

ఖర్చులో అందరూ అడుగుతున్నది ఉర్దూ తర్జుమా గురించే. 164 పేజీలకు 25,840 అయింది. మన మినిట్స్ తెలుగులోనే ఉన్నా సర్కారుతో నడిచిన కాగితమంతా ఉర్దూ. 1929లో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే హుకుం తెచ్చాక సభ పెట్టాలంటే ముందే ఇజాజత్ (అనుమతి) తీసుకోవాల్సి వచ్చింది. ఆ దరఖాస్తులు, జవాబులే కట్టలు కట్టలుగా ఉన్నాయి. అక్షరం తేటగా ఉన్న 58 పేజీలకు 80 చొప్పున, షికస్తా రాతలో ఉన్న 106 పేజీలకు 200 చొప్పున ఇచ్చాం. షికస్తాలో చాలాచోట్ల చుక్కలు ఉండవు, మాటకు మాట గొలుసులా కలిసిపోతుంది. ఉర్దూ పేపర్ గడగడా చదివేవాళ్లు కూడా దాని దగ్గర ఆగిపోతారు. ఒకరు చేసింది ఇంకొకరితో సరిచూపించిన కూలీ కూడా ఇందులోనే.

తర్జుమాలో తేదీలు ఎక్కువ సతాయిస్తాయి. నిజాం రాజ్యపు ఫస్లీ సంవత్సరం అక్టోబర్‌లో, అజుర్ నెలతో మొదలు. దాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చాలంటే డిసెంబర్ దాకా పడే తేదీకి 590, జనవరి నుంచి 591 కలపాలి. అన్నిటికీ 590 వేస్తే 1341 ఫస్లీ తీర్ నెల 1932 మే బదులు 1931 మే అయిపోతుంది. అదే ఏడు అజుర్‌లో పెట్టిన అర్జీకి ఐదు నెలల ముందే జవాబు వచ్చినట్టు తేలుతుంది! పైసల లెక్కా అంతే. సభ్యుల అప్పులు నిజాం రూపాయి అయిన హాలీ సిక్కాలో, బయటి నుంచి తెప్పించిన నూలు ఇంగ్లీషువాళ్ల రూపాయి అయిన కల్దార్‌లో రాసి ఉన్నాయి. 7 హాలీకి 6 కల్దార్. పుస్తకంలో రెండూ ఉన్నవి ఉన్నట్టే వేశాం. ఇప్పటి రూపాయల్లో చెప్పమని కొందరు అడిగారు గానీ, అప్పటి అణా విలువకు ఇప్పటి అంకె ఏది వేసినా అబద్ధమే.

1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభకు మన పెద్దలు పోయారని రాయమన్నవాళ్లూ ఉన్నారు. రిజిస్టర్లో ఆ మాట లేదు. రాయలేదు.

చిరిగిన 210 ఆకుల మరమ్మతుకు ఆకుకు 60 చొప్పున 12,600. పల్చని జపాన్ టిష్యూ, గోధుమ గంజితో అతికించారు. లామినేషన్ చవకే, కానీ ఆ వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయలేం. సెల్లోటేపు జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాన్ని మింగేస్తుంది. పాత నల్ల ఇంకు తినేసిన చోట గంజి తడి ఎక్కువైతే మరక పాకి కాగితం ఇంకా పాడవుతుంది, కాబట్టి ఆ ఆకులకు పనివాళ్లు రెట్టింపు సమయం తీసుకున్నారు.

1,120 పేజీల స్కానింగ్‌కు పేజీకి 4 చొప్పున 4,480. ఇనుప బీరువా 14,500. దాన్ని గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా, ఇటుకల మీద పెట్టాం. కాగితాలను పాలిథీన్ సంచుల్లో కట్టొద్దు, వానకాలం చెమ్మ లోపలే నిలిచి బూజు పడుతుంది.

పహాణీ (భూమి, సాగు రికార్డు) నకళ్లకు, తర్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు రాకపోకలకు 3,260. సంఘం ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇండ్ల జాగాలో ఉంది గనుక దానికి పహాణీ దొరకదు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు మార్కండేయ గుడి భూమికి మాత్రమే తీశాం.

96 పేజీల డీటీపీ 5,760. 300 కాపీల అచ్చు, బైండింగ్ 33,000. పుస్తకం సభకు మైకు, కుర్చీలు 2,500. భోజనాలు దాతలే పెట్టారు, సంఘం పైసా లేదు.

మొత్తం ఖర్చు 1,01,940. నిల్వ 19,675. అందులో బ్యాంకులో 18,000, కోశాధికారి చేతిలో 1,675.

ఇంకా 14 ఇండ్ల చందా 4,200 రావాలి. పుస్తకం మాత్రం వాళ్లకూ ఇచ్చాం. 226 ఇండ్లకు పంచగా 74 కాపీలు మిగిలాయి. బయటి ఊళ్ల నుంచి చందా పంపినవాళ్లకు వాటిలోంచే ఇస్తాం. లెక్కలో అభ్యంతరం ఉంటే జంధ్యాల పౌర్ణమి నాటి సర్వసభ్య సమావేశంలోపు ఓచర్ నంబరుతో రాసివ్వగలరు.

— చరిత్ర పుస్తక కమిటీ