సూది గుచ్చేటప్పుడు తల్లిని బయటికి పంపొద్దు
ఆసుపత్రిలో చేరిన పసిపిల్లలకు సూది గుచ్చేటప్పుడు తల్లిని బయటికి పంపే అలవాటును మన పిల్లల వార్డులు వెంటనే మానుకోవాలి. గత నెల మా మూడేళ్ల మనవరాలికి సెలైన్ పెట్టడానికి నర్సు, ఆయా కలిసి కాళ్లూ చేతులూ అదిమిపట్టి నాలుగుసార్లు నరం వెతికారు. తలుపు అవతల మా కోడలు, లోపల ‘అమ్మా’ అంటూ బిడ్డ కేకలు. ఆ తర్వాత రెండు రోజులూ తెల్లకోటు కనిపిస్తే చాలు, చేతిని తల్లి కొంగు కింద దాచుకునేది. నర్సును తప్పుపట్టలేను, ఆ రాత్రి ముప్పైమంది పిల్లలకు ఆమె ఒక్కతే. కానీ తల్లిపాలు తాగుతుండగా సూది వేస్తే నవజాత శిశువుకు నొప్పి తక్కువగా ఉంటుందనీ, చర్మాన్ని మొద్దుబార్చే క్రీము గంట ముందు రాస్తే పెద్ద పిల్లలకూ బాధ తగ్గుతుందనీ పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. తల్లి ఒడికి ఖర్చేముంది? రెండు ప్రయత్నాలు విఫలమైతే మూడోసారి అనుభవజ్ఞులే సూది వేయాలనీ, జ్వరం, నాడితో పాటు నొప్పి తీవ్రతను కూడా కేసు షీటులో రాయాలనీ వైద్యారోగ్య శాఖ ప్రతి పిల్లల వార్డుకూ ఆదేశాలివ్వాలి. రాత్రి విధుల్లో నర్సుల సంఖ్య పెంచకుండా మాత్రం ఇవేవీ అమలు కావు.