ఎలుగుకీ మాకూ మధ్య ఎవరూ లేరు: అటవీ శాఖ మంత్రి గారికి ఉద్దానం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది ఉద్దానం, సోంపేట వైపు ఊరు. జీడి, కొబ్బరి తోటలే మా బతుకు. తోటల్లో మనుషుల మీద పడుతున్న ఎలుగుబంట్ల గురించి ఊరంతా సంతకాలు పెట్టి అర్జీలిచ్చాం. రసీదులు భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే నలుగురి ముందూ ఇలా రాయాల్సి వస్తోంది. తప్పుగా అనుకోకండి.

పిల్లల సైన్సు పుస్తకంలో ఆహారపు గొలుసు బొమ్మ ఉంటుంది కదండీ. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. మనిషి ఆ బొమ్మలో ఉండడు, బయట నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. మార్చి వచ్చి జీడి పళ్ళు రాలడం మొదలైతే మేమూ ఆ బొమ్మలోకి వెళ్ళిపోతాం. నిజమే, ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పళ్ళు. బెదిరి మీద పడుతుంది. మీద పడ్డాక ఆకలితో చీల్చిందా, భయంతో చీల్చిందా అన్న తేడా మాకు ఏం మిగులుతుంది?

జీడి పిక్కలేరడం ఎలా ఉంటుందో మీ ముందు కూర్చునేవాళ్ళు చెప్పి ఉండరు, నేను చెబుతాను. తెల్లారకముందే తోటకి వెళ్ళాలి. ఆలస్యమైతే పిక్కలు దొంగలపాలు. జీడి కొమ్మలు నేలను రాసుకుంటూ ఉంటాయి. నడుం వంచి కొమ్మ కిందకి దూరాలి, రాలిన పండు తీసి పిక్కను మెలితిప్పి బుట్టలో వెయ్యాలి. చూపంతా నేల మీదే. అవతల ఎలుగు కూడా తల దించుకునే ఉంటుంది. పుట్ట తవ్వి చెదల్ని పీల్చే చప్పుడులో దానికి మన అడుగులు వినపడవు. ఒకరినొకరు చూసుకునేసరికి మధ్యలో నాలుగు బారల జాగా కూడా ఉండదు. పక్కన పిల్లలుంటే అది ఇంక ఆగదు. లేచి నిలబడి ముఖం మీదే కొడుతుంది.

మా పక్కింటి వదిన అలాగే దొరికిపోయింది. ప్రాణం దక్కింది. ఎడమ కన్ను పోయింది, పై పెదవి సగం లేదు. గ్లాసుతో నీళ్ళు తాగలేదు, తల వెనక్కి వాల్చి చెంచాతో పోసుకుంటుంది. పక్కనుంచి కారిపోకుండా కొంగు చెంపకు అదిమి పట్టుకుంటుంది. పెళ్ళికి పిలిస్తే రాదు, మనవణ్ణి ఎత్తుకుంటే వాడు ఏడుస్తాడని దూరంగానే కూర్చుంటుంది. ఉద్దానంలో కిడ్నీ గోడు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ ఇంట్లో అదీ ఉంది. రక్తం కారుతున్న మనిషిని దగ్గరని ఒడిశాలోని బరంపురం తీసుకెళ్ళాం. పరిహారం అడిగితే ఒడిశా బిల్లులు చెల్లవన్నారు. ఇక్కడి డాక్టరు కాగితం తెమ్మన్నారు. అది తెచ్చాక గాయపడిన రోజు పంచనామా ఏదన్నారు. ఆ రోజు ఎవరొచ్చారండీ పంచనామా రాయడానికి? మేం ఫోన్ చేస్తే పొద్దుపోయాక మీ శాఖ సిబ్బంది ఇద్దరు వచ్చారు, చేతిలో టార్చిలైటు తప్ప ఇంకేం లేదు. వాళ్ళని నేను తిట్టను. వాళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారు, వాళ్ళకీ భయమే. పరిహారం ఆఫీసులో అన్న మాట ఇంకొకటి: చచ్చిపోతే కాగితం తొందరగా కదులుతుందట. ఆ మాట ఆమె వినేటట్టే అన్నారు.

ఇప్పుడు రెండో సంగతి. దీన్ని దాచి అర్జీ పెట్టడం నాకు ఇష్టం లేదు. మేం వేట మాత్రమే కాదు, వేటగాళ్ళం కూడా. టెక్కలి, మెళియాపుట్టి వైపు కొండల్ని గ్రానైటు కోసం కోసుకుంటూ పోతున్నారు. రాళ్ళ మధ్య గుహల్లో పిల్లల్ని పెట్టుకునే జంతువు, ఆ రాళ్ళే లారీ ఎక్కితే ఎక్కడికి పోతుంది? 2018లో తిత్లీ తుపాను మా చెట్లను పడేసింది. చాలా తోటలు మళ్ళీ లేవలేదు. కుర్రాళ్ళు వలస పోయారు, తోటలు తుప్పలు పట్టాయి, ఎలుగు వచ్చి అందులోనే కాపురం పెట్టింది. ఊళ్ళోకీ వస్తుంది. గుడిలో దీపపు నూనె నాకిపోతుంది, అంగన్వాడీ తలుపు విరగ్గొట్టి నూనె ప్యాకెట్లు చింపుతుంది. అడవి పందుల కోసం కరెంటు తీగ లాగే దుర్మార్గులు మాలోనూ ఉన్నారు. ఆ తీగకి మనిషైనా ఒకటే, ఎలుగైనా ఒకటే.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఏం జరిగిందో మీ ఫైళ్ళలోనే ఉంది. ఒక ఎలుగు ఒకరిని చంపింది, మరికొందరిని చీల్చేసింది. దాన్ని పట్టుకుని విశాఖ జూకి తరలిస్తుంటే దారిలోనే చచ్చిపోయింది. ఆ రోజు మా ఊళ్ళో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు అయ్యో అన్నారు. నేను అయ్యో అన్నవాళ్ళలో ఉన్నాను. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి ఒక్కసారే పోయాయి. అటు కొమరాడ, గరుగుబిల్లి వైపు అవే ఏనుగుల గుంపుల కింద రైతులు నలిగిపోతున్నారు. మనుషులూ పోతున్నారు, మృగాలూ పోతున్నాయి. మీ శాఖ మాత్రం రెండు శవాలకీ పోస్టుమార్టం టైముకే వస్తోంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది, చంపితే 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ జైలు. ఉండాలి, ఆ చట్టం ఉండాల్సిందే. కానీ అదే 1972 చట్టం, మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువును ముందు పట్టుకోవాలనీ, మత్తు ఇచ్చి తరలించాలనీ, అవేవీ కుదరనప్పుడే చంపడం గురించి ఆలోచించాలనీ చెబుతోంది కదా. మరి పట్టుకునేవాళ్ళేరీ? మత్తు సూది తుపాకీ విశాఖ నుంచి రావాలి. అది వచ్చేలోపు ఊరి జనం కర్రలతో, డప్పులతో ఎలుగుని చుట్టుముడతారు. అప్పుడు ఎవరు ఎవరిని వేటాడుతున్నారో చెప్పలేం. దాని కళ్ళలోనూ టెన్షనే, మా కళ్ళలోనూ టెన్షనే.

అయ్యా, మేం పెద్దవి అడగడం లేదు. పలాసలో ఒక బృందాన్ని పెట్టండి. పశువుల డాక్టరు, మత్తు తుపాకీ, బోను, వలలు, ఒక బండి, రాత్రి పూట ఫోన్ ఎత్తే మనిషి. పిక్కల కాలంలో తెల్లవారుజామున తోటల్లో మాతో తిరిగే ట్రాకర్లు. వేసవిలో కొండల పైన నీటి గుంటలు, నీళ్ళుంటే అవి మా కుళాయిల దగ్గరకి ఎందుకొస్తాయి? ఎలుగులున్న కొండ మీద కొత్త క్వారీకి అనుమతి ఇవ్వకండి. యజమాని లేక తుప్పలు పట్టిన తోటల్ని ఉపాధి హామీలో శుభ్రం చేయించండి. కరెంటు తీగ పెట్టేవాణ్ణి పట్టుకోండి, మా ఊరివాడైనా సరే, మా చుట్టమైనా సరే. గాయపడినవాళ్ళకి ఏ రాష్ట్రంలో వైద్యం చేయించుకున్నా బిల్లు చెల్లేలా ఒక్క ఆర్డరు ఇవ్వండి. ఇది చెయ్యడానికి అడవి కొనక్కర్లేదు, సంతకం చాలు.

80 కిలోల బస్తా పిక్కలకి ఎంత వస్తుందో మీకు తెలుసు. ఆ బస్తా నింపడానికి మా ఆడవాళ్ళు ముఖాలు పణంగా పెడుతున్నారని కూడా తెలుసుకోండి. పోయినోళ్ళ ఇంటికి వచ్చి చెక్కు ఇచ్చే ఫొటో మాకొద్దు. మనిషి పోకముందు రండి. దయచేసి రండి. ఒక్క తెల్లవారుజామున మాతో తోటలోకి రండి, గార్డుల్ని తెచ్చుకోండి, కెమెరాలు వద్దు.

మార్చి నుంచి పిక్కలు రాలతాయి. మా వదిన తోటకి ఈసారి ఆమె కోడలు వెళ్ళాలి. ఆలోపు పలాసలో ఆ బృందం దిగిందన్న కబురు మాకు పంపండి.

ఇట్లు,
ఉద్దానం జీడి రైతు,
శ్రీకాకుళం జిల్లా