చెప్పు ఊడిపోయినా తెలియకపోతే, అది వయసు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను టెలిఫోన్స్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నల్లకుంటలో ఉంటాం. మా ఆవిడకి 68 ఏళ్లు. నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం కూరగాయల మార్కెట్ నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. ఎడమ చెప్పు ఎక్కడ ఊడిపోయిందో తెలియదు. నేను అడిగేదాకా కాలికి చెప్పు లేదన్న సంగతే తెలియదు. కాలంతా బురద. కడిగి చూస్తే మడమ దగ్గర గాజుపెంకు గీసుకుని నెత్తురు కారుతోంది. నొప్పి లేదా అంటే, "ఏమో, దూది మీద నడుస్తున్నట్టుంది" అంది.

పెళ్లయిన దగ్గర్నుంచి ఇంటి పద్దు రాసేది తనే. పాలు, కూరలు, పనిమనిషి జీతం, ఎవరి పెళ్లికి ఎంత చదివించాం, అన్నీ ఉంటాయి అందులో. ఎందుకో ఆ రాత్రి ఆ పుస్తకం తిరగేశాను. ఒకే తేదీ కింద పాల ప్యాకెట్ మూడుసార్లు రాసి ఉంది. కొన్ని చోట్ల తేదీ వేసి వదిలేసింది. కూడికలు తప్పాయి. లెక్కల్లో నాకన్నా గట్టి మనిషి. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అప్పటికి అరికాళ్ల మంటలు, నీరసం, మతిమరుపు అంటూ ఇద్దరు డాక్టర్ల చుట్టూ తిరగబట్టి 11 నెలలైంది. షుగర్ ఉంది కాబట్టి మంటలు మామూలేనన్నారు. మతిమరుపు వయసు వల్లేనన్నారు. నీరసానికి మెడికల్ షాపులో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు తెచ్చి నేనే వేయించాను. హిమోగ్లోబిన్ పెరిగింది. రక్తం బాగుంది, ఇక లోపమేమీ లేదన్నారు. నేనూ నమ్మాను.

మూడో డాక్టరమ్మగారు చీటీ కాకుండా మందుల డబ్బానే తెమ్మన్నారు. అందులో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర 14 ఏళ్లుగా, గ్యాస్ మాత్ర ఆరేళ్లుగా వాడుతున్నవి. "మొహం కడుక్కునేటప్పుడు తూలుతారా?" అని అడిగారు. నేను తెల్లబోయాను. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే మా ఆవిడ రెండో చేత్తో బేసిన్ పట్టుకుంటుంది. రోజూ చూస్తున్నదే, ఏనాడూ పట్టించుకోలేదు. కాళ్లు ఎక్కడున్నాయో నరాలు చెప్పలేనప్పుడు మనిషి చూపు సాయంతోనే నిలబడతాడట. కళ్లు మూస్తే ఆ సాయమూ పోతుంది. మెదడు స్కాన్, థైరాయిడ్ పరీక్షలతో పాటు విటమిన్ బీ12 కూడా రాశారు. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. బీ12 మాత్రం 112 వచ్చింది. మామూలుగా 200 లోపు ఉంటే లోపమనే లెక్క.

మేం శాకాహారులం. బీ12 పప్పుల్లో, కూరగాయల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. రోజుకి కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే కాబట్టి, రెండు పూటలా పెరుగన్నం తింటున్నాం కదా అని ధీమాగా ఉన్నాం. కానీ తిన్నదాంట్లోంచి బీ12 విడివడాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. వయసు మీద పడేకొద్దీ చాలామందిలో అది తగ్గుతుంది, గ్యాస్ మాత్ర ఇంకా తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగు బీ12ని సరిగ్గా పీల్చుకోదు. లివర్‌లో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది, అందుకే లోటు చప్పుడు లేకుండా ముదురుతుంది. అలాగని షుగర్ మాత్ర ఎవరూ సొంతంగా మానకండి. మా ఆవిడ ఇప్పటికీ వేసుకుంటూనే ఉంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఫోలిక్ యాసిడ్ సంగతి. దాన్ని కృత్రిమంగా తయారుచేసిన, అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాల బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆయన కన్నుమూసిన 1948లోనే బీ12ని శుద్ధరూపంలో వేరుచేయగలిగారు. బీ12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం కోలుకుంటుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. మా ఇంట్లో జరిగింది అదే. తప్పు మందుది కాదు, అడగకుండా వేయించిన నాది.

ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి వేశారు. ఇప్పుడు నెలకొకటి. మూడో నెలకల్లా పద్దు పుస్తకంలో కూడికలు సరిపోయాయి. ఒకరోజు పాలవాడి లెక్కలో 40 రూపాయల తేడా తనే పట్టుకుంది.

ఇది చదివి అందరూ విటమిన్ షీట్లు కొనుక్కోవాలని నా ఉద్దేశం కాదు. అల్జీమర్స్ రాకుండా ఆపే విటమిన్ మాత్ర ఇంతవరకూ లేదు. బీ6 మోతాదు మించి నెలల తరబడి వాడితే అదే నరాల్ని పాడుచేస్తుంది. విటమిన్ డి పొట్లాలు చీటీ లేకుండా వాడడమూ ప్రమాదమే. మతిమరుపు ముప్పు తగ్గాలంటే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో ఉండాలి, వినికిడి తగ్గితే మిషన్ పెట్టించుకోవాలి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల సంఘం మనం సరిదిద్దుకోగల ముప్పులు 14 చెప్పింది, వాటిలో ఇవన్నీ ఉన్నాయి.

నేను అడిగేది లోపం ఉందో లేదో ముందు చూడమని. జాతీయ పోషకాహార సంస్థ మా ఇంటికి దగ్గర్లోనే, తార్నాకలో ఉంది. అలాంటి ఊళ్లో బీ12 పరీక్ష కోసం మనిషి చెప్పు పోగొట్టుకునేదాకా ఆగాల్సి రాకూడదు. బస్తీ దవాఖానా అయినా, కార్పొరేట్ ఆస్పత్రి అయినా, 60 దాటి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లకి షుగర్ పరీక్షతో పాటు ఏడాదికోసారి బీ12 కూడా చూసే ఏర్పాటు చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. ఇళ్లలో పిల్లలు కూడా అమ్మానాన్నల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. షుగర్ మాత్ర, గ్యాస్ మాత్ర రెండూ పక్కపక్కన కనిపిస్తే డాక్టర్ని అడగండి.

మా ఆవిడ ఎడమ కాలు మొద్దుబారడం ఇంకా పూర్తిగా పోలేదు. ఆలస్యమైన నరం అంత త్వరగా తేరుకోదన్నారు డాక్టరుగారు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాం. అవి వేసుకుని మార్కెట్‌కి వెళ్తోంది, పక్కన నేనూ వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్