ఏ బీచ్‌లో దిగొచ్చో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్‌లో విశాఖ బీచ్‌ల ఫొటోలు పేజీ నిండా వేశారు. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ, భీమిలి, అన్నీ బాగున్నాయి. కానీ ఎక్కడ నీళ్లలోకి దిగొచ్చో, ఎక్కడ ఒడ్డున నిలబడి చూసి రావాలో ఒక్క లైను కూడా లేదు. మా వైపు వాళ్లకు ముందు తెలియాల్సింది అదే.

నేను ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో గుమాస్తాను. మాకు నీళ్లంటే పెన్న. అదీ మైలవరం డ్యాం నుంచి వదిలినప్పుడే. ఏట్లో నీళ్లు ఒక వైపుకే పోతాయని తెలుసు గానీ, ఒడ్డుకొచ్చిన నీళ్లు మళ్లీ మనిషిని వెనక్కి లాగుతాయని మాకెవరు చెప్పాలి?

పోయిన వేసవి సెలవుల్లో కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి మా అమ్మను, ఇద్దరు మనవళ్లను విశాఖ తీసుకుపోయాను. అమ్మకు 74 ఏళ్లు. సముద్రం చూడటం అదే మొదటిసారి. ఆర్కే బీచ్ దగ్గరే రూమ్ తీసుకున్నాం. పిల్లలకు కుర్సురా జలాంతర్గామి చూపించి, సాయంత్రం ఇసుకలోకి దిగాం. చిన్నవాడు మోకాలి లోతులోనే ఉన్నాడు. అల వెనక్కి పోతూ వాడి కాళ్ల కింద ఇసుకను లాగేసింది. వాడు పడ్డాడు. నేను చేయి చాపేలోపే రెండు బారల దూరం పోయాడు. అక్కడ మొక్కజొన్న కంకులు కాల్చే ఆయన పరుగెత్తుకొచ్చి వాణ్ని జబ్బ పట్టి లాగాడు. "ఇది చూసే బీచ్ బాబూ, దిగే బీచ్ కాదు. స్నానానికి రుషికొండ ఎల్లండి" అన్నాడు. ఆయన పేరు కూడా అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నాను. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దాటగానే ఒక్కసారిగా లోతవుతుందట. అలలు తెచ్చిన నీళ్లు ఏదో ఒక సందు చూసుకొని లోపలికి తిరిగిపోతాయట. ఆ సందులో అల పెద్దగా విరగదు, నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకుండా, ఒడ్డు పొడవునా పక్కకు ఈదాలట. లాగుడు దాటాకే ఒడ్డుకు రావాలి. బావిలో ఈత నేర్చుకున్నవాళ్లం, మాకేం భయం అనుకుంటాం. బావిలో నీళ్లు మనిషిని ఎక్కడికీ లాక్కుపోవు.

మరుసటి రోజు రుషికొండ పోయాం. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. 2025లో కొన్నాళ్లు ఆ గుర్తింపు తీసేసి మళ్లీ ఇచ్చారు. స్నానానికి హద్దు పెట్టిన చోట, లైఫ్‌గార్డుల కళ్ల ముందే పిల్లలను దించాను. హద్దు దాటితే అక్కడా ప్రమాదమే.

యారాడకు మేం పోలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల, మూడు వైపులా కొండలతో ఫొటోల్లో అదే అన్నిటికంటే అందంగా ఉంటుంది. కానీ జనం పలచగా ఉండే చోట పిల్లవాడు పడితే పరుగెత్తుకొచ్చే కంకుల ఆయన ఉండడు కదా.

మా అమ్మకు మాత్రం భీమిలి నచ్చింది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. డచ్చివాళ్ల సమాధులు పిల్లలు చూసొచ్చేదాకా ఆమె నీడన కూర్చొని, "ఇన్ని నీళ్లు పెట్టుకొని మన పెన్నను ఎండబెట్టినాడే దేవుడు" అంది. పెద్దవాళ్లతో పోయేవాళ్లకు నేనైతే భీమిలే చెబుతాను, ఒడ్డున కూర్చోవడానికి.

నా మనవి ఇది. ఈసారి బీచ్‌ల పేజీ వేస్తే ప్రతి ఫొటో కింద ఆ చోట దిగొచ్చా లేదా, లైఫ్‌గార్డులు ఎక్కడ ఉంటారు అని రాయండి. సముద్రం ఉధృతంగా ఉండే రోజుల్లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ముందే హెచ్చరిస్తుంది. అది వేటకెళ్లే మత్స్యకారుల కోసమే అనుకొని మేం వదిలేస్తాం. సెలవుల రోజుల్లో దాన్ని సీమ ఎడిషన్‌లో కూడా మొదటి పేజీలో వేయండి. బీచ్ దగ్గర బోర్డులు పెట్టే అధికారులు కూడా తెలుగులో, దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయించాలి.

వచ్చే నెల మా వీధి నుంచి రెండు కుటుంబాలు విశాఖ పోతున్నాయి. వాళ్లకు ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా