మా అమ్మాయి పళ్లను వెనక వైపు నుంచి చూసిన డాక్టర్ గారికి

డాక్టర్ గారూ, మీ పేరు రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

మా అమ్మాయికి 15 ఏళ్లు. చల్లటి నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని ఏడాదిగా అంటూనే ఉంది. మీకంటే ముందు రెండు చోట్ల చూపించాం. ఎక్స్‌రేలో పిప్పి పళ్లేమీ లేవన్నారు. పళ్లు బాగా మెరుస్తున్నాయని మెచ్చుకున్నారు కూడా. అదే మెరుపు చూసి మీరు ఆగారు.

గాలితో తడి ఆర్పి, లైటు పక్కకి వంచి, చిన్న అద్దంతో పై పళ్ల వెనక భాగం చాలాసేపు చూశారు. ఆ వయసులో పంటి గట్టి పైపొర ఎనామెల్ మీద ఇంకా కనిపించాల్సిన సన్నటి గీతలు చెరిగిపోయి నున్నగా అయ్యాయని, కింది దవడ పళ్ల మొనల మీద చిన్న గుంటలు పడ్డాయని నాకూ చూపించారు. పిప్పి పన్నంటే సూక్ష్మజీవుల పని. ఇది అలా కాదు, ఆమ్లం నేరుగా పన్నుని కరిగించేస్తుంది. నల్లమచ్చ ఉండదు, మొదట్లో నొప్పీ ఉండదు. అందుకే అంత తేలిగ్గా దొరకదన్నారు.

కూల్‌డ్రింకులేమో అనుకున్నాం. కానీ మా అమ్మాయి అవి తాగేది తక్కువ. అప్పుడు నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. నిజం చెప్పాలంటే నాకు మనసు చివుక్కుమంది. కానీ రాత్రిళ్లు గొంతులోకి పులుపు ఎగదన్నుతోందని, పొద్దున లేవగానే ఆ రుచి పోయేదాకా గట్టిగా బ్రష్ చేస్తున్నానని అది మీకే చెప్పింది. తల్లినైన నాకు ఒక్కనాడూ చెప్పలేదు. వాంతులు చేసుకుంటున్నావా అని కూడా అడిగారట, తప్పు పట్టినట్టు కాకుండా. అలా అడిగినందుకు మీకు ప్రత్యేకంగా దణ్ణం పెడుతున్నాను.

ఆమ్లం ఘాటుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారని, అది తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుందని, ఎనామెల్ సుమారు 5.5 పీహెచ్ దగ్గరే కరగడం మొదలెడుతుందని, కడుపులోని ఆమ్లం అంతకంటే ఎంతో ఘాటైనదని, నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి రాత్రే నష్టం ఎక్కువని మీరు చెబుతుంటే ఏడుపొచ్చింది. మీరు పంపిన కడుపు డాక్టర్ కూడా ఆమ్లం పైకి తన్నుతోందనే తేల్చారు. మందులు వాడుతోంది. పులుపు వచ్చిన వెంటనే బ్రష్ పట్టకుండా నీళ్లతో పుక్కిలిస్తోంది.

"పోయిన ఎనామెల్ తిరిగి రాదు, ఉన్నది కాపాడుకుందాం" అని దాచకుండా చెప్పారు. ఆరు నెలల కిందటి ఫోటోలు, పళ్ల అచ్చులు మొన్న కొత్తవాటి పక్కన పెట్టి చూపించారు. తేడా లేదు. ఆ అచ్చులు తీసేటప్పుడు దాని చెయ్యి పట్టుకుని నిలబడిన మీ సిస్టర్ గారికీ నా కృతజ్ఞతలు చెప్పండి.