ఫైబర్ ముట్టుకోకుండానే ఫైబర్ టెక్నీషియన్ సర్టిఫికెట్

విజయవాడ

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
నెట్‌వర్కింగ్ శిక్షణ సంస్థ, హైదరాబాద్.

విషయం: మీ ‘నెట్‌వర్క్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, కేబులింగ్ బేసిక్స్’ కోర్సులో ప్రాక్టికల్స్ చేయించకపోవడం, తప్పుగా నేర్పడం, ఫీజు వాపసు గురించి.

అయ్యా,

నేను విజయవాడలో లాన్ కేబులింగ్, సీసీ కెమెరాలు, ఫైబర్ పనులు చేసే చిన్న కాంట్రాక్టర్ని. మా దగ్గర హెల్పర్లుగా చేరిన ఇద్దరు కుర్రాళ్ళు పద్ధతిగా పని నేర్చుకుని వస్తారని మీ అమీర్‌పేట బ్రాంచికి పంపాను. హాస్టల్ ఖర్చు కాక మనిషికి 18,000 రూపాయల ఫీజు. మీ బ్రోషర్లో ‘నూరు శాతం హ్యాండ్స్ ఆన్’ అని ఉంది. క్రింపింగ్ (తీగ చివర కనెక్టర్ బిగించడం), ప్యాచ్ ప్యానెల్ పంచింగ్ (కేబుళ్ళన్నీ చేరే పలకలో తీగలు నొక్కి కూర్చోబెట్టడం), ఫైబర్ స్ప్లైసింగ్ (రెండు ఫైబర్ పోగుల్ని అతకడం), టెస్టింగ్ అన్నీ విద్యార్థి చేతనే చేయిస్తామని రాసి ఉంది. ఆ మాట నమ్మే డబ్బు కట్టాను.

వాళ్ళు తిరిగొచ్చాక ఒక క్లినిక్‌లో కెమెరా పాయింట్లు, బిల్లింగ్ కంప్యూటర్ల పాయింట్లు వేశారు. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. స్విచ్‌కి దగ్గరున్న పాయింట్లు బాగానే పనిచేశాయి. దూరంగా ఉన్నవి మాత్రం ఒకసారి వేగం వంద ఎంబీపీఎస్‌కి పడిపోవడం, ఒకసారి అసలు లింకే రాకపోవడం. ఫేస్ ప్లేట్ విప్పి చూస్తే సంగతి అర్థమైంది. నారింజ జత, దాని పక్కన ఆకుపచ్చ జత, దాని పక్కన నీలం జత, చివర గోధుమ రంగు జత. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పనికి మాత్రం రాదు. ఇదేంటని అడిగితే, ‘రెండు చివర్లా ఒకే వరస ఉంటే చాలని సార్ చెప్పారండీ’ అన్నారు. మీ నోట్స్ తెరిచి చూశాను, అక్కడా అదే మాట.

నా ఫిర్యాదు మొదలైందే ఈ ఒక్క వాక్యంతో కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. కేబుల్లో తీగలు ఎనిమిదైనా అవి నాలుగు జతలు. ఒక్కో సిగ్నల్ ఒక జత మీద వెళ్తుంది, జతలోని రెండు తీగల్లోనూ ఒకదానికొకటి వ్యతిరేకంగా. తీగలు మెలిపడి ఉండటం వల్ల బయటి నాయిస్ (అక్కర్లేని విద్యుత్ అలజడి) రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది, అవతలి చివర అది రద్దవుతుంది. అందుకే కనెక్టర్ దగ్గర మెలిక 13 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ విప్పకూడదంటారు. తీగల రంగుల వరసకి అందరూ పాటించే ప్రమాణం ఒకటి 568బి, ఆ పద్ధతిలో మొదటి రెండు పిన్నులు నారింజ జతవి. మూడో పిన్నుకు తెలుపు-ఆకుపచ్చ వస్తుంది, దాని జోడీ ఆకుపచ్చ మాత్రం ఆరో పిన్నుకు వెళ్తుంది. మధ్యలో నాలుగు, ఐదు నీలం జతకి, చివరి రెండూ గోధుమ రంగు జతకి. ఆ ఆకుపచ్చ జత విడిపోయి నీలం జతకు అటూ ఇటూ ఎందుకు కూర్చుంటుందో తెలియడమే ఈ పనిలో మొదటి పాఠం. పరికరాలు మూడు, ఆరు పిన్నుల్ని ఒకే జతగా వాడతాయి, జతల్ని వరసగా పెట్టుకుంటూ పోతే మూడో పిన్నుకు ఒక జత తీగ, ఆరో పిన్నుకు వేరే జత తీగ వస్తాయి. దాన్నే స్ప్లిట్ పెయిర్ అంటాం. తీగ ఎక్కడా తెగలేదు కనుక లైట్ల టెస్టర్ పాస్ చేస్తుంది, కానీ జతల మధ్య క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ ఇంకో జతలోకి దూరడం) పెరిగి దూరం లైన్లలో లింకు నిలవదు.

కొన్ని వందల రూపాయల ఆ టెస్టర్ చూసేది కంటిన్యుటీ, అంటే తీగ ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉందా అన్నది ఒక్కటే. క్రాస్‌టాక్, రిటర్న్ లాస్ (సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తుందన్నది) కొలిచే సర్టిఫికేషన్ టెస్టర్ లక్షల్లో ఉంటుంది. దాన్ని కొని పెట్టమని నేను అడగడం లేదు, మా దగ్గరా లేదు, పెద్ద పనులకు అద్దెకు తెచ్చుకుంటాం. ఈ రెండింటికీ తేడా ఏమిటో చెప్పడానికి మాత్రం పైసా ఖర్చు కాదు కదా. మీరు ‘లైట్లు వెలిగితే పాస్’ అని నేర్పి పంపారు. ఆ పాయింట్లన్నీ విప్పి మళ్ళీ నా ఖర్చుతో చేయించాను. క్లినిక్ వాళ్ళ ముందు పోయిన పరువుకి బిల్లు వేయలేను.

ఇక మీ ల్యాబ్‌లో ప్రాక్టీసుకి ఇచ్చిన కేబుల్ సంగతి. కుర్రాళ్ళు తెచ్చుకున్న ముక్కని బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. ప్రాక్టీసుకి ఏ తీగ అయితే ఏం అని మీరు అనవచ్చు. కానీ దాని మీద క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్ నాణ్యతకి ఒక ప్రమాణం) అని అచ్చువేసి ఉంది, ‘క్యాట్ 6 అంతా ఒకటే, రేటు చూసి తీసుకోండి’ అని ట్రైనర్ చెప్పారట. రాగి పూత అల్యూమినియానికి క్యాట్ 6 ప్రమాణం వర్తించదు, అందులో తీగ మొత్తం రాగిదే ఉండాలి. పీఓఈ కెమెరాలకు, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు తీసుకునే వాటికి, ఈ తేడా ప్రాణం మీదకొస్తుంది. పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్ ప్రకారం స్విచ్ పోర్టు 15.4 వాట్లు ఇస్తే పరికరానికి 12.95 వాట్లే లెక్క. వంద మీటర్ల రాగి తీగలో పోయేది ముందే మినహాయించి వేసిన లెక్క అది. అల్యూమినియం నిరోధం అంతకంటే బాగా ఎక్కువ. పగలంతా బాగున్న కెమెరా, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కరెంటు చాలక ఆగి ఆగి రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు అందరూ కెమెరానే తిడతారు. 305 మీటర్ల బాక్సుని చేత్తో ఎత్తి చూస్తేనే బరువులో తేడా తెలిసిపోతుంది, ఇది నేర్పడానికి ఒక్క నిమిషం చాలు.

ఫైబర్ విషయంలో నాకు కోపం కంటే భయం ఎక్కువ వేసింది. స్ప్లైసింగ్ మెషిన్ మీ రిసెప్షన్‌లో అద్దాల అలమరాలో ఉందట, క్లాసులో ప్రొజెక్టర్ మీద వీడియో చూపించారట. తొడుగు తీయడం, ఆల్కహాల్‌తో తుడవడం, క్లీవర్‌తో కోయడం, అతుకుని కాపాడే స్లీవ్ ముందే ఎక్కించుకోవడం, ఇవన్నీ వేళ్ళకి అలవాటు కావాల్సిన పనులు. సరే, అది కూడా వదిలేస్తాను. ‘లైన్లో లైటు వస్తుందో లేదో కనెక్టర్ చివర చూస్తే ఎర్రగా కనిపిస్తుంది’ అని చెప్పిన ట్రైనర్‌ని మాత్రం ఎలా వదిలేయాలి? ఎర్రగా కనిపించేది మనం పెట్టే పెన్ లైటు. ఇళ్ళకి ఇంటర్నెట్ తెచ్చే జీపాన్ లైన్లో 1490, 1310 నానోమీటర్ల కాంతి నడుస్తుంది, అది కంటికి కనపడదు. కనపడలేదు కదా అని కుర్రాడు ఇంకా దగ్గరగా పెట్టుకుని చూస్తే? ఫైబర్ చివర ఎప్పుడూ కంటితో చూడకూడదు, పవర్ మీటర్‌తోనే చూడాలి అన్నది ఈ పనిలో మొదటి రోజే చెప్పే మాట.

మీ నోట్స్‌లో ‘కోర్ పెద్దది కాబట్టి మల్టీమోడ్ ఎక్కువ దూరం వెళ్తుంది’ అని కూడా ఉంది. కోర్ అంటే ఫైబర్ మధ్యలో కాంతి నడిచే భాగం, మల్టీమోడ్, సింగిల్ మోడ్ అన్నవి ఫైబర్‌లో రెండు రకాలు. నిజం దీనికి సరిగ్గా వ్యతిరేకం. 9 మైక్రాన్ల కోర్ ఉన్న సింగిల్ మోడ్ మీదే జీపాన్ 20 కిలోమీటర్ల వరకు నడుస్తుంది, 50 మైక్రాన్ల మల్టీమోడ్ ఒక భవనం లోపలికో ఒక క్యాంపస్‌కో సరిపోతుంది. చివర ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్‌ని, చివర ఏటవాలు లేని నీలం యూపీసీ కనెక్టర్‌కి కలపకూడదన్న సంగతి నోట్స్‌లో ఎక్కడా లేదు. మా వైపు ఏపీ ఫైబర్‌నెట్ లైన్లు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి. స్తంభం ఎక్కే పనికి పోయే పిల్లలకి కరెంటు లైన్ల జాగ్రత్త గురించి ఒక్క పేజీ కూడా రాయలేదంటే ఏమనుకోవాలి?

ఐపీ అడ్రసింగ్, సబ్‌నెట్టింగ్ చెప్పిన సార్ చక్కగా చెప్పారని ఇద్దరూ అన్నారు. అడిగి చూశాను, నిజంగానే వచ్చింది. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే కౌన్సిలర్ అమ్మాయి, ‘ఇది బేసిక్స్ కదా సార్, ప్రాక్టికల్స్ అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంటాయి, ఇంకో పన్నెండు వేలు కడితే చాలు’ అంది. బ్రోషర్ మీదే కదా అంటే, అది పాత బ్రోషర్ అంది. ఈలోగా సెల్‌ఫోన్లో టిక్కులు పెట్టే పరీక్ష ఒకటి పెట్టి, ఇద్దరికీ ‘స్ట్రక్చర్డ్ కేబులింగ్, ఫైబర్ టెక్నీషియన్, ఏ ప్లస్ గ్రేడ్’ అని సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ కాగితం చూసి రేపు ఇంకో కాంట్రాక్టర్ వీళ్ళని నేరుగా పనిలో దింపుతాడు.

కాబట్టి నేను అడిగేది ఇది. బ్రోషర్లో రాసిన ప్రాక్టికల్స్ అన్నీ, స్ప్లైసింగ్‌తో సహా, అదనపు ఫీజు లేకుండా ఇద్దరి చేతా చేయించండి, లేదా ఇద్దరి ఫీజు 36,000 రూపాయలు తిరిగివ్వండి. ఏది చేసినా, నోట్స్‌లో పైన చెప్పిన తప్పులు సరిదిద్ది ఆ బ్యాచ్ వాళ్ళందరికీ పంపండి, కంటితో చూడమన్న మాట తప్పని ముందు ఈ వారంలోనే చెప్పండి. దానికి నా ఫిర్యాదు తేలేదాకా ఆగొద్దు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం, తప్పుదారి పట్టించే ప్రకటన అంటూ జిల్లా కమిషన్‌కి వెళ్తాం. డబ్బు నేనే కట్టినా రసీదులు కుర్రాళ్ళ పేర్ల మీద ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు కూడా వాళ్ళ పేర్ల మీదే పెడతాం. రసీదులు, బ్రోషర్, నోట్స్‌లో ఆ పేజీలు, క్లినిక్‌లో విప్పిన కనెక్టర్ల ఫోటోలు దీనితో జతచేశాను. కేబుల్ ముక్క మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇట్లు,
కేబులింగ్ కాంట్రాక్టర్,
విజయవాడ.