మన సైకిల్ కుర్రాడి కోసం ఎత్తిన చందా – జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ కమిటీ తరఫున నమస్కారం.

ఈ లెక్క ఉగాదికే మీ ముందు పెడతామని మాటిచ్చాం. దసరా కూడా వెళ్లిపోయాక పెడుతున్నాం, క్షమించాలి. ఆగస్టులో వాట్సాప్ గ్రూపులో వేసిన పొట్టి లెక్కలో "ఇతర ఖర్చులు 40,000" అని ఒక్క ముక్క రాసి వదిలేశాం. అప్పటినుంచి ఊళ్లో ఆ ముక్క మీదే మాటలు నడుస్తున్నాయి. మొన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతుంటే ఒక పెద్దాయన దగ్గరకొచ్చి, "ఏటి బాబూ, ఆ నలబై వేలూ ఏటైపోనాయి?" అని నిలబెట్టి అడిగారు. ఆయన ఇచ్చింది 200. అయినా అడిగే హక్కు ఆయనకుంది. కోశాధికారిగా జవాబు చెప్పాల్సింది నేను. అందుకే ఈసారి ఏదీ దాచకుండా రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పోయిన డిసెంబరు రెండో వారంలో మన కుర్రాడు తెల్లవారుజామున కళింగపట్నం రోడ్డులో సైకిల్ రేసుల కోసం ప్రాక్టీసు చేస్తున్నాడు. కోతల రోజులు, పైగా మంచు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాయి ముందు చక్రానికి తగిలి పడిపోయాడు. కుడివైపు కాలర్ బోన్ (మెడ కింద, భుజం దాకా ఉండే ఎముక) మూడు ముక్కలైంది. రైతుని ఎవరూ ఏమీ అనొద్దని కుర్రాడే ఆ రోజు ఆసుపత్రిలో చెప్పాడు. కళ్లం లేని రైతు ధాన్యం ఇంకెక్కడ ఆరబెట్టుకుంటాడు?

జమ

ఉదయం మనతో సైకిల్ తొక్కే 46 మంది, తలకి 2,000 చొప్పున: 92,000
ఏడు రోడ్లు, డే అండ్ నైట్ జంక్షన్, పాలకొండ రోడ్డు దుకాణాలవాళ్లు: 41,500
విశాఖ, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న మనవాళ్లు యూపీఐలో పంపింది: 63,200
గల్ఫ్‌లో పనిచేస్తున్న ఏడుగురు తమ్ముళ్లు: 35,000
బడిపిల్లల హుండీ: 4,370
రథసప్తమి రోజు అరసవల్లిలో మజ్జిగ పంచినచోట పెట్టిన హుండీ: 6,130
టీషర్టులు 110, ఒక్కోటి 350 చొప్పున: 38,500
బ్యాంకు వడ్డీ: 1,140
మొత్తం జమ: 2,81,840 రూపాయలు.

ప్రతి పైసాకీ రసీదు ఉంది. పిల్లల హుండీలో 4,370 అంటే దాదాపు అన్నీ రూపాయి, రెండు రూపాయల బిళ్లలే. లెక్కపెట్టడానికి నలుగురికి ఒక సాయంత్రం పట్టింది. ఆ పిల్లలకి మేం జన్మంతా రుణపడి ఉంటాం. గల్ఫ్ తమ్ముళ్లు అడగకుండానే పంపారు. వాళ్లలో ఒకరు ఆ నెల తన ఇంటికి పంపాల్సిన దాంట్లోంచి తగ్గించి పంపారని తర్వాత తెలిసింది.

ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వనివాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. మొత్తం 54,000. పేర్లు రాయడం లేదు. అందులో 25,000 ఒక్కరివే. స్టేడియంలో మైకులో ప్రకటించారు, శాలువా కప్పించుకున్నారు, ఫొటో దిగారు. నాలుగుసార్లు ఫోన్ చేశాం, ఒకసారి ఇంటికీ వెళ్లాం. మా బాధ ఒకటే. ఆ మాట నమ్మి మేం ఆసుపత్రికి ఒప్పుకున్నాం. ఆయన ప్రకటన విని, ఇక సరిపోయిందిలే అని ఆగిపోయిన చిన్న దాతలూ ఉన్నారు.

ఖర్చు

ఆపరేషన్, ప్లేటు, స్క్రూలతో కలిపి ఆసుపత్రి బిల్లు 1,18,000. అందులో 50,000 కుర్రాడు పోటీలకి దిగే సైక్లింగ్ జట్టు ఇన్సూరెన్స్ కట్టింది. మనం కట్టింది 68,000. స్కానింగులు, ఎక్స్‌రేలు, మందులకి 14,260. ఫిజియోథెరపీ 36 రోజులు, రోజుకి 400 చొప్పున 14,400. విశాఖకి పదకొండుసార్లు రానుపోను 9,350. టీషర్టులు 120 కుట్టించడానికి 25,200 (అమ్మగా వచ్చిన దాంట్లోంచి ఇది తీసేస్తే మిగిలింది 13,300). రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీలకి 3,250. వీటి మీద ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

హెల్మెట్ 6,800. పాతది చూడటానికి బాగానే ఉంది కదా అన్నారు. హెల్మెట్ లోపలి ఫోము ఒక్క దెబ్బకే పనికొస్తుంది. తలకి తగలాల్సిన దెబ్బని అది నలిగి తీసుకుంటుంది. మళ్లీ ఉబ్బదు. పైన పెంకు నిగనిగలాడుతున్నా లోపల అయిపోయినట్టే.

ఫ్రేము 58,500. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. "వెల్డింగ్ పెట్టిస్తే 500తో పోయేది" అని ఒక సభ్యుడు గ్రూపులో రాశారు. ఇనుప సైకిల్ అయితే ఆ మాట నిజమే. ఇది కార్బన్ ఫైబర్. కార్బన్ దారాల పొరల్ని జిగురుతో అతికించి చేస్తారు. దానికి వెల్డింగ్ ఉండదు. దెబ్బ తగిలితే పైన రంగు మీద గీత కూడా పడకుండా లోపల పొరలు విడిపోవచ్చు. నాణెంతో మెల్లగా కొట్టి చూస్తే బాగున్నచోట ఖంగుమంటుంది, విడిపోయినచోట చప్పగా పలుకుతుంది. మా అందరి ముందూ కొట్టి చూపించారు. హ్యాండిల్ కింద, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కలిసేచోట చప్పటి శబ్దం వచ్చింది. కార్బన్ బాగుచేసేవాళ్లు ఉన్నారు, కానీ ఆ చోట మాత్రం బాగుచెయ్యబోమని చెప్పారు. ఘాట్ దిగుతూ గంటకి 70 కిలోమీటర్ల వేగంలో ఆ ఫోర్కు విరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కొన్నది కూడా వాడిన ఫ్రేమే, కొత్తది కాదు.

లెక్క ఆలస్యం కావడానికి మొదటి కారణం కూడా ఈ ఫ్రేమే. ఫిబ్రవరిలో ఆర్డరు పెట్టాం. మన కుర్రాడికి 54 సైజు కావాలి, వచ్చింది 58. తిప్పి పంపాం. అమ్మినవాళ్లు డబ్బు వెనక్కివ్వడానికి మే నెల దాకా తిప్పారు. ఆ డబ్బు చేతికి రాకుండా లెక్క మూయలేకపోయాను. సరైన ఫ్రేము జూన్‌లో వచ్చింది. తిప్పి పంపిన కొరియర్ 2,100 ఈ ఖాతాలో రాయలేదు. సైజు రెండోసారి అడిగి చూసుకోకుండా ఆర్డరు పెట్టింది నేనే, అది నేనే పెట్టుకున్నాను.

ఇక ఆ 40,000.

అది కుర్రాడి ఇంటి ఖర్చు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలకి 8,000 చొప్పున ఐదు నెలలు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, వాళ్లమ్మగారు వద్దన్నారు. "సైకిలు కోసం సందాలెత్తి నా ఇంటికి బియ్యం కొన్నారంటే నానెక్కడ తలెత్తుకుంటాను బాబూ, రాయొద్దు" అని ఆమె ఏడ్చారు. మేం మాటిచ్చాం. ఆ మాట కోసం లెక్కలో "ఇతర" అని రాశాం. ఇప్పుడు ఊళ్లో మాటలు ఆమె చెవిన కూడా పడ్డాయి. కిందటి ఆదివారం ఆమే మా ఇంటికొచ్చి, "రాసేయండి, మీ మీద మచ్చ ఎందుకు" అన్నారు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

జట్టు మన కుర్రాడికి నెలకి 15,000 ఇచ్చేది. ఆ ఇల్లు నడిచింది దానితోనే. తండ్రి లేడు, తల్లి కూలికెళ్తారు, చెల్లి పాలిటెక్నిక్ చదువుతోంది. పోటీల్లో దిగితేనే జీతం అని కాంట్రాక్టులో ఉందట, జనవరి నుంచి ఆపేశారు. ఇన్సూరెన్స్ డబ్బు ఆ జట్టు వల్లే వచ్చింది, అందుకు కృతజ్ఞతలు. కానీ జీతం ఆగిన సంగతి కుర్రాడు మాకెవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ అయిన ఏడో వారంలో, రాత్రి తొమ్మిది దాటాక, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర అతన్ని చూశాను. మోటారు సైకిల్ మీద ఉన్నాడు. వెనక భోజనం డెలివరీ సంచి. సంచి దింపడానికి ఎడమ చెయ్యే వాడుతున్నాడు. నన్ను చూసి తల దించుకుని, "అన్నా, కమిటీలో సెప్పకు. పదిరోజులే అయింది" అన్నాడు. ఎన్ని గంటలు తిరుగుతున్నావంటే ఆరు గంటలన్నాడు.

మర్నాడే డాక్టరు గారిని అడిగాం. ఎముకని అతికించేది ప్లేటు కాదని ఆయన చెప్పారు. ప్లేటు ముక్కల్ని కదలకుండా పట్టుకుంటుంది అంతే, అతుక్కోవాల్సింది ఎముకే. అది గట్టిపడకముందు గోతుల రోడ్ల మీద రోజూ ఆరు గంటలు కుదిపితే స్క్రూలు వదులైపోవచ్చు, ప్లేటు వంగిపోవచ్చు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. అంటే మీరు ఇచ్చిన 68,000 నీళ్లపాలు.

ఆ రాత్రే కమిటీ కూర్చుంది. ఐదుగురం. చందాలోంచి కుర్రాడి ఇంటి ఖర్చు ఇద్దామంటే నలుగురం సరే అన్నాం, ఒకరు వద్దన్నారు. "దాతలు సైకిల్‌కని ఇచ్చారు, ఇంటికి వాడాలంటే ముందు వాళ్లని అడగాలి" అన్నది ఆయన మాట. కమిటీ పుస్తకంలో ఆయన మాట అలాగే రాసి ఉంది. ఆయన చెప్పింది సబబే. కానీ అందర్నీ అడగాలంటే తల్లికిచ్చిన మాట తప్పాలి, ఈలోపు కుర్రాడు బండి దిగడు. నేను ఆ రోజు సరే అన్నాను, ఈ రోజు అడిగినా సరే అంటాను. చెయ్యి కదపలేని మనిషి ఇంట్లో పొయ్యి వెలగకపోతే, అతని సైకిల్‌కి ఫ్రేము కొని ఏం చేస్తాం?

నెలకి 8,000 ఎలా అంటే: ఇంటి అద్దె 2,500, బియ్యం, సరుకులు, గ్యాస్ 3,500, చెల్లి బస్సు, పరీక్ష ఫీజు 1,000, పాలు, గుడ్లు 1,000. ఐదుసార్లూ తల్లి బ్యాంకు ఖాతాకే వేశాం, చేతికి ఇవ్వలేదు. ఖాతా కాగితాలు చూడొచ్చు. డబ్బు మొదటిసారి పడిన రోజే కుర్రాడు డెలివరీ పని మానేశాడు.

చివరి ఖర్చు పోటీది, 19,480. జట్టు కాంట్రాక్టు జూన్‌తో అయిపోయింది, పొడిగించలేదు. జూలైలో మళ్లీ రోడ్డెక్కాడు. సెప్టెంబరు చివర మహారాష్ట్రలో 120 కిలోమీటర్ల రేసుకి సొంతంగా పేరిచ్చాడు. ఆమదాలవలసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు, తోడుగా మా సభ్యుడొకరు వెళ్లారు. టికెట్లు, సైకిల్ ప్యాకింగ్, నాలుగు రోజుల బస, భోజనం, ఎంట్రీ ఫీజు అన్నీ ఇందులోనే.

రేసు పూర్తి చేయలేకపోయాడు. ఇది దాచక్కర్లేదు. 80 కిలోమీటర్ల దాకా గుంపులోనే ఉన్నాడు. తర్వాత ఎక్కుడు వచ్చింది, గుంపు చీలింది, వెనకబడ్డాడు. గుంపులో ఉన్నంతసేపు ముందువాళ్లు గాలిని చీలుస్తారు, వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. ఒంటరిగా పడ్డాక గాలంతా తనే మోయాలి. సమయం దాటిందని నిర్వాహకులు రేసు నంబరు విప్పించి పక్కకి తప్పించేశారు. ఫోన్‌లో ఏడ్చాడు. "మీ అందరి డబ్బులూ తినేసాను అన్నా" అన్నాడు.

"రెండున్నర లక్షలు పోసి గీత కూడా దాటించలేకపోయారు" అన్నవాళ్లకి ఒక సంగతి చెప్తాను. బ్రిటన్ సైక్లిస్టు మార్క్ కావెండిష్ 2023 టూర్ ద ఫ్రాన్స్ (మూడు వారాల పాటు, రోజుకో స్టేజీగా సాగే పెద్ద సైకిల్ రేసు) 8వ స్టేజీలో పడి ఇదే కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడాదితో మానేస్తానన్న మనిషి, ఇంకో ఏడాది ఉన్నాడు. 2024 జూలైలో, 39 ఏళ్ల వయసులో, ఆ రేసులో తన 35వ స్టేజీ గెలుపు అందుకుని, బెల్జియం సైక్లిస్టు ఎడీ మెర్క్స్ 34 గెలుపుల రికార్డు దాటాడు. ఆ రోజు మనవాళ్లం పదిమందిమి ఒకే ఫోన్ చుట్టూ మూగి చూశాం, మన కుర్రాడు మధ్యలో కూర్చున్నాడు. కావెండిష్‌కి జట్టు ఉంది, డాక్టర్లున్నారు. మనవాడికి ఉన్నది మనమే. విరిగిన తొమ్మిది నెలలకి, జీతం లేకుండా, 80 కిలోమీటర్లు గుంపుని పట్టుకుని వచ్చినవాణ్ణి ఓడిపోయాడని మేం అనం.

మొత్తం ఖర్చు: 2,59,240. నిల్వ: 22,600. బ్యాంకులో 21,950, నా దగ్గర నగదు 650. ప్లేటు తీయాలో వద్దో డాక్టరు గారు వచ్చే ఏడాది చెప్తారు, అందాకా ఈ డబ్బు కదపకూడదని తీర్మానం చేశాం.

వచ్చే ఆదివారం ఉదయం 8 గంటలకి కోడి రామ్మూర్తి స్టేడియం గేటు దగ్గర రసీదు పుస్తకాలు, బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్ పెట్టుకుని కూర్చుంటాం. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. నన్ను జంక్షన్‌లో అడిగిన పెద్దాయన తప్పకుండా రావాలి. బాకీ ఉన్న తొమ్మిది మందీ ఎంత వీలైతే అంతే ఇవ్వండి, రసీదు అక్కడికక్కడే రాస్తాం. టీషర్టులు ఇంకా పది ఉన్నాయి, అన్నీ పెద్ద సైజువే. కుర్రాడు కూడా ఉంటాడు, కానీ 8 దాటాకే. ఆ రోజు నరసన్నపేట దాకా వెళ్లి రావాలని తెల్లారకముందే బయల్దేరుతున్నాడు.